మీసాల గాడిద పాఠం

ప్రవేశ పరీక్ష రోజు పొద్దున. వంటింటి బల్ల దగ్గర ఇంగ్లీషు టీచరూ, ఆవిడ పోయిన వేసవిలో పెళ్ళాడిన స్కూటర్ మెకానిక్ కూతురూ కూర్చుని ఉన్నారు; మెకానిక్ పెరట్లో తన బండిని తానే తన్నుతున్నాడు.

"మళ్ళీ అడుగుతున్నా. గాడిద ఎక్కడ ఆగింది?"

"తలుపు దగ్గర."

"ఎవరి తలుపు దగ్గర?"

"తలుపున్నవాళ్ళ తలుపు దగ్గర."

"అమ్మాయ్!"

"ఏం టీచర్?"

"ఇంట్లో టీచర్ అనొద్దన్నానా, లేదా?"

"మరేమనాలి?"

"సర్లే, ఇప్పుడదెందుకు. టైమైపోతోంది. పాఠం చూడు. బొమ్మ చూడకు, పాఠం చూడు."

"గాడిదకి మీసాలున్నాయి టీచర్."

"ఎవరో కోతిపిల్ల గీసింది. నవ్వకు. నేను తెలుగులో చెప్తా, విను. ఒక రొట్టెలాయన. ఆయన బండికి ఒక గాడిద. రోజూ అదే వీధి, అవే ఇళ్ళు. ఒకరోజు ఆయన బండిలోనే కునుకు తీశాడు. గాడిద తనంతట తనే పోయి ప్రతి ఇంటి ముందూ ఆగింది. ఆగి ఆగి, చివరికి నీలం తలుపు ఇంటి ముందు కూడా ఆగింది. ఆ ఇంట్లో ముసలావిడ పోయి చాన్నాళ్ళయింది. రొట్టె కొనేవాళ్ళే లేరక్కడ. ప్రశ్నేమిటంటే, అయినా గాడిద ఎందుకాగింది?"

"ఆకలేసి."

"ఆకలని ఎక్కడుంది పాఠంలో?"

"బండి నిండా రొట్టెలుంటే, వాటిని వెనక పెట్టుకుని ముందు నడవమంటే ఎవరికైనా ఆకలేస్తుంది టీచర్."

"పాఠంలో ఉన్నది చెప్పమ్మా."

"పాఠంలో లేదు. ఎందుకాగిందో పాఠంలో లేదు. నాకు తెలియడానికి నేనేం గాడిదనా?"

"లేనిదే అడుగుతారు. ఉన్న మాటలు పట్టుకుని లేని మాట దగ్గరికి వెళ్ళాలి. అర్థం చేసుకోవడమంటే అదే. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయడానికి జిరాక్సు మిషను చాలదూ?"

"టీచరమ్మా! ఓ పాత గుడ్డముక్క ఇలా పెరట్లోకి పడెయ్."

"ఇంకా స్టార్టవలేదా ఏవండీ?"

"అవుతుంది, అవుతుంది. ముసలి బండి కదా, పొద్దున్నే లేపితే విసుక్కుంటుంది."

"గేటు మూసేస్తారటండీ. బెల్లు కొట్టాక దేవుడొచ్చి అడిగినా తియ్యరట."

"నన్ను కంగారు పెట్టకు. నువ్వు కంగారు పెడితే నేను బండిని కంగారు పెడతాను, అది ఇంకా మొండికేస్తుంది. మీరు చదువుకోండి."

"అయ్యో రాత! ఆ జేబేమిటి అంత నల్లగా? ఇప్పుడే కదా ఇస్త్రీ చేసిచ్చాను!"

"చెయ్యి తుడుచుకున్నానేమో."

"జేబుకి తుడుచుకుంటారా ఎవరైనా? అందుకే కదా గుడ్డ అడిగింది?"

"గుడ్డ రావడం లేటయింది, జేబు దగ్గరలో ఉంది. పాఠం చెప్పుకోవే తల్లీ, నా చొక్కా మీద పరీక్ష పెట్టరు."

"చూశావా, ఎలా మాట్లాడతారో. నువ్వు నవ్వకు. ఇంద, ఇది చెయ్యి. కామాలూ ఫుల్‌స్టాపులూ అన్నీ తీసేసి రాశాను. నువ్వు పెట్టు. కాలు ఊపకు."

"నేను ఊపడం లేదు. బల్ల ఊగుతోంది."

"బల్లకి కాళ్ళు ఊపే అలవాటు లేదు."

"మీరు కూడా గోళ్ళు కొరుకుతున్నారు."

"నేనా? లేదే. రాయి నువ్వు. గబగబా రాయి. గబగబా కాదు, చూసుకుని రాయి."

"గబగబానా, చూసుకునా?"

"రెండూను."

"ఇదిగో. అయిపోయింది."

"అప్పుడేనా? ఏదీ… ఇదేమిటి? గాడిద ఆగింది, దాని పక్కన క్వశ్చన్ మార్కా? ఆగింది అని చెప్తోందా, ఆగిందా అని అడుగుతోందా?"

"అనుమానం టీచర్. నాకు నమ్మకం కలగలేదు."

"ఈ కామాలేమిటి? చీమల బారులా ఉంది. ప్రతి మాటకీ ఒకటా?"

"ఊపిరి తీసుకునే చోట పెట్టమన్నారు కదా."

"ఇన్నిసార్లు ఊపిరి తీసుకుంటే అది పరీక్ష కాదు, ఉబ్బసం. కొటేషన్లు గాడిద చుట్టూ పెట్టావేం? గాడిద మాట్లాడిందా?"

"మాట్లాడాలనుకుందేమో."

"అనుకున్నవాటికి పెట్టరు. అన్నవాటికే పెడతారు."

"అనుకున్నవి ఎవరికీ తెలియవా మరి?"

"తెలియవు. ఫుల్‌స్టాప్ ఒక్కటీ లేదు. ఈ పేరా ఎక్కడాగాలి? గోడకి గుద్దుకునే దాకా పోవాలా?"

"నాన్న బండికి బ్రేకుల్లేవు, అందుకని—"

"నా బండికి బ్రేకులు భేషుగ్గా ఉన్నాయే గడుగ్గాయ్! కదలడమే లేదు గానీ, కదిలిందా, ఆగి తీరుతుంది!"

"మీరు ఇటు చెవి వెయ్యకండి. బండి చూడండి. అమ్మాయ్, ఒక మాట అడుగుతా, నిజం చెప్తావా?"

"చెప్పదగ్గదైతే."

"మొన్న తరగతిలో ఇలాంటిదే ఇచ్చాను. ఇంతకంటే కష్టమైంది ఇచ్చాను. నీ పేపర్లో ఎర్రసిరా పెట్టడానికి చోటు దొరకలేదు నాకు. పైగా పక్కదాని పేపర్ కూడా నువ్వే దిద్దావు, నేను చూడలేదనుకుని."

"అది బడి. ఇది ఇల్లు."

"బడిలో వచ్చింది ఇంట్లో రాదా? గుమ్మం దగ్గర విప్పి పెట్టడానికి అదేమైనా చెప్పులజతా?"

"బడిలో టీచర్ ఉంటుంది."

"ఇక్కడున్నదెవరు?"

"అదే తెలియడం లేదు."

"…నీళ్ళు తాగు. నోరెండిపోయి ఉంటుంది."

"మీరు తాగండి. ఇందాకట్నించి అరుస్తున్నది మీరే."

"ఏవండీ! బస్సుకి పంపిద్దామా? నేను తోడెళతాను."

"బస్సెందుకు? బస్సులో నిలబెట్టి పిల్లని పరీక్షకి తీసుకెళ్తావా? చదివిందంతా కిటికీలోంచి జారిపోతుంది."

"పోనీ పక్కింటాయన బండి అడగండి."

"వాడి బండి చక్రాలు మా షెడ్లో ఉన్నాయి. నేనే విప్పి పెట్టాను."

"మీరు విప్పనిది ఈ వీధిలో ఏమైనా ఉందా?"

"అయిదు నిమిషాలు. ఒక్క అయిదు నిమిషాలు ఓపిక పట్టవే."

"అరగంట నుంచీ ఆ అయిదు నిమిషాలే నడుస్తున్నాయి. సరే, అమ్మాయ్, ఆఖరిసారి. నీలం తలుపు. గాడిద ఎందుకాగింది? నీకు తెలుసు. తెలిసి చెప్పడం లేదు."

"మీకెలా తెలుసు నాకు తెలుసని?"

"ఎందుకంటే ఇది చాలా… చాలా తేలికైన పాఠం."

"ఎంత తేలికైంది?"

"తేలికైంది. అంతే."

"ఎన్నో తరగతి పిల్లలకి తేలికైంది?"

"అదేం ప్రశ్న?"

"పుస్తకానికి అట్ట ఎందుకేశారు టీచర్? నెల రోజులుగా చూస్తున్నా. మీ పుస్తకాలన్నీ ఉత్తవే. దీనికొక్కదానికే అట్ట."

"చిరుగుతుందని."

"ఇప్పటికే చిరిగిపోయిన పుస్తకానికా?"

"ఇంకా చిరుగుతుందని. ఏమిటే నీ గోల? పరీక్ష నీకా నాకా?"

"గాడిదకి మీసాలు ఎవరు గీశారో చెప్పనా?"

"ఎవరో చెప్పానుగా—"

"నేను."

"నువ్వా?"

"నేనే గీశాను. ఆరో తరగతిలో. ఏడాది చివర పుస్తకాలన్నీ తిరిగిచ్చేయాలి కదా, కింది తరగతి వాళ్ళకి. అప్పుడిచ్చేశాను. మీరు బడి బీరువాలో అన్నిట్లోంచి వెతికి వెతికి నా పుస్తకమే పట్టుకొచ్చారు. ఆ గాడిద నాకు పాత చుట్టం టీచర్. అట్ట వేస్తే మాత్రం గుర్తుపట్టనా?"

"నీకు… మొదటి రోజే తెలుసా?"

"మొదటి రోజే. మీరు పేజీ తిప్పగానే."

"మరి అడగలేదేం?"

"మీరు చెప్తారేమోనని చూశాను."

"నేనా బళ్ళో చేరింది నువ్వు ఏడో తరగతికి వచ్చాక. నాకెలా తెలుస్తుంది ఇది నీ పుస్తకమని? పైన పేరు కూడా లేదు."

"పేరుండదు. మీసాలే ఉంటాయి."

"అసలు అలా గీయొచ్చా బడి పుస్తకం మీద?"

"అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు గీశాను. మంచం పక్కన కూచోబెట్టి నాన్న టీకి వెళ్ళాడు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నవ్విద్దామని గీశాను. నవ్వింది. నొప్పి పెడుతోంది, నవ్వించకే అని నవ్వింది."

"…నేను చూసుకోలేదు. ఆ నీలం తలుపు, ముసలావిడా… నేను అసలు ఆలోచించలేదు తల్లీ. ఇంకో పాఠం తీసుకోవాల్సింది."

"ఫర్వాలేదు. నాకీ పాఠం ఇష్టమే."

"మూసెయ్. వద్దు."

"ఉండండి. ఇప్పుడు నేనడుగుతా. అక్కడ పరీక్షలో రెండేసి పేజీల పాఠాలిస్తారట. పాత పేపర్లు బడిలో అందరి దగ్గరా ఉన్నాయి. మీ బల్ల సొరుగులో కూడా ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్లకి నెల రోజులూ ఆరో తరగతి గాడిదని చెప్పారు. ఎందుకు?"

"పునాది గట్టిపడుతుందని."

"పాఠంలో ఉన్నది చెప్పండి టీచర్."

"నా మాటలు నాకే అప్పజెప్తున్నావా?"

"మీరు బయట నించి వచ్చే పిల్లలకి ట్యూషన్ చెప్పినప్పుడు పాత పేపర్లే చేయిస్తారు. వాళ్ళు పాసవుతారు. నాకొక్కదానికే గాడిద. అంటే నేను…"

"అంటే?"

"అనుకున్నవాటికి కొటేషన్లు పెట్టరన్నారుగా."

"పెట్టుకో. చెప్పు."

"మీరు చెప్పండి. తప్పు చేసినవాళ్ళే చెప్పాలని బడిలో మీరే అంటారు."

"…పాసైతే వెళ్ళిపోతావు కదే."

"ఆఁ?"

"గట్టిగా అనలేను. మీ నాన్న వింటారు. పాసైతే ఆ బడి హాస్టలుకి వెళ్ళిపోతావు. ఈ ఇంటికొచ్చి ఇన్నాళ్ళయింది. నువ్వు నా దగ్గరికొచ్చి జడ వెయ్యమని అడగలేదు. కడుపునొప్పొస్తే కూడా మీ నాన్నకే చెప్తావు. ఈ పాఠాల వంకతోనే కదా రోజూ ఓ గంట పక్కన కూచుంటున్నావు. ఆ గంట కోసం… తప్పే. పిల్లకి చదువు చెప్పాల్సినదాన్ని, చెప్పినట్టు నటించాను. ఎవరికైనా తెలిస్తే నా మొహాన ఉమ్మేస్తారు."

"నాకు తెలిసిందిగా. ఉమ్మలేదుగా."

"నీకు కోపం రాలేదా?"

"వచ్చింది. మొదటి రోజు. ఈవిడకి నేను తెలివితక్కువదానిలా కనిపిస్తున్నానేమో అనుకున్నా. తర్వాత తర్వాత ఊహించాను. ఉన్న మాటలు పట్టుకుని."

"ఉండు. ఉండు. మరి నువ్వు? ఆరో తరగతి పాఠమని తెలిసి, అది కూడా ముందే చదివిన పాఠమై, రోజూ తప్పుల మీద తప్పులు ఎందుకు రాశావు? నాకు నిద్ర పట్టలేదు తెలుసా? నేను చెడగొట్టడం మాట దేవుడెరుగు, పిల్లకి నిజంగానే ఏమీ రాదేమో, డాక్టరుకి చూపించాలేమో అనుకున్నా!"

"పాఠంలో లేదు."

"చంపుతా."

"…మీకు కావాలేమో అనుకున్నా. నేను వెళ్ళడం. అప్లికేషన్ మీరే కదా తెచ్చారు. నీట్‌గా నింపి, పెన్ను మూత తీసి మరీ ఇచ్చారు సంతకం పెట్టమని."

"మీ నాన్న తెమ్మంటే తెచ్చాను! పిల్ల హాస్టల్ కావాలంటోంది, అడ్డం పడకు, నువ్వొద్దంటే సవతితల్లి వద్దందంటారు అన్నారు. అందుకని నవ్వుతూ తెచ్చాను. ఆ పెన్ను మూత మళ్ళీ పెట్టేద్దామని ఎన్నిసార్లనుకున్నానో నాకు తెలుసు."

"నేనెప్పుడు కావాలన్నాను?"

"అనలేదా?"

"మీ పెళ్ళి రోజు. ఏడుస్తూ అన్నా. మీరిద్దరూ ఉండండి, నేను హాస్టలుకి పోతా అని. చెప్పుల్లేకుండా వీధి చివరిదాకా వెళ్ళా. ఎండకి కాళ్ళు కాలి తిరిగొచ్చేశా. ఆ మాటనా నాన్న పట్టుకున్నాడు?"

"పట్టుకున్నట్టున్నారు. నట్టు పట్టుకున్నట్టు."

"మరి మీరు నన్ను నేరుగా అడగలేదేం?"

"నువ్వు అవునంటావేమోనని."

"నేనూ అందుకే."

"ఏమిటి గుసగుసలు? చదువు అయిపోయిందా?"

"అవుతోందండీ! బండి సంగతి చూడండి మీరు! …అయితే నీకు వెళ్ళాలని లేదా?"

"మీరు సాయంత్రాలు పేపర్లు దిద్దుతూ పెద్దగా నవ్వుతారు. గోడ ఇవతల నాకు వినపడుతుంది. ఎవరేం రాశారో, ఏం చూసి నవ్వారో వచ్చి అడగాలనిపిస్తుంది. గుమ్మం దాకా వస్తా. మళ్ళీ మంచమెక్కుతా."

"రావాల్సింది. మొన్న తెలుగు పేపర్లూ నాకే అంటగట్టారు, అందులో ఒకడు బావి గురించి రాయమంటే వాళ్ళ బావ గురించి మూడు పేజీలు రాశాడు. చూపిస్తా నీకు."

"చూపించు."

"చూపిస్తా. అయ్యో, టైము! లే. లే, ముందు లే."

"ఎక్కడికి? వెళ్ళక్కర్లేదుగా ఇంక?"

"వెళ్ళాలి. రాయాలి. పరీక్ష నువ్వు రాయాల్సిందే. ఇన్ని రోజులు నేను చేసిన వెధవపనికి నువ్వు ఫెయిలైతే ఆ ఫెయిలు నాది. బాగా రాయి. నీకొచ్చినంతా రాయి. పాసైతే, వెళ్ళాలో వద్దో నువ్వు చెప్పు. ఉంటానంటే ఉండు. పోతానంటే… పెట్టె నేనే సర్దుతా. కానీ చదువు రానిదానిలా మాత్రం ఇంట్లో ఉండొద్దు. అలా ఉంటే నాకు అన్నం దిగదు."

"ఉంటాననే చెప్తా."

"పాసై చెప్పు."

"పాసైనట్టు వచ్చే కాగితం ఏం చేస్తాం?"

"గోడకి అంటిద్దాం. వచ్చినవాళ్ళందరికీ చూపించి విసిగిద్దాం. జడ ఊడిపోయింది, ఇటు తిరుగు."

"గట్టిగా వెయ్యొద్దు. తల లాగితే ఆలోచన రాదు."

"కదలకు. ఇప్పుడు చెప్పు, గాడిద ఎందుకాగింది?"

"ముసలావిడ లేదని దానికి తెలుసు. తెలిసినా ఆగింది. ఆ తలుపు దగ్గర ఆగకుండా ముందుకెళ్తే ఆవిడని మర్చిపోయినట్టవుతుందని. కాసేపు ఆగింది, తర్వాత పక్కింటికి వెళ్ళింది. పక్కింట్లో కూడా రొట్టె కావాలి కదా."

"…ఇలాగే రాయి. అచ్చం ఇలాగే."

"ఇంత ఇంగ్లీషు రాదు నాకు."

"వస్తుంది. దారిలో చెప్తా. నేనూ వస్తున్నా, ముగ్గురం పడతాం ఆ బండి మీద. ఏవండీ! అయిందా? ఏవండోయ్!"

"ఇదిగో… అదే చూస్తున్నా. కార్బ్యురేటర్ అనుకున్నా, కాదు. పెట్రోలు ఉంది. ఏం చేస్తాం, ఇవాళ మనకి రాసిపెట్టి లేదేమో టీచరమ్మా. వచ్చే ఏడాది చూద్దాంలే. పిల్ల ఎక్కడికి పోతుంది?"

"వచ్చే ఏడాదేమిటి? ఇప్పుడే వెళ్ళాలి! ఆటో పిలవండి!"

"ఈ టైములో ఆటోలు దొరకవే."

"పిన్నీ, ఆగు. నాన్నా, నీకొక పాఠం చెప్తా. చిన్నదే. కామాలు కూడా తక్కువ."

"ఇప్పుడు నాకు పాఠమేమిటే? చేతులు మసి… ఏమన్నావ్? పిన్నీ అన్నావా?"

"మాట తప్పించకు. విను. ఒక మెకానిక్. ఊళ్ళో ఏ బండైనా అతను చెయ్యేస్తే కదుల్తుంది. రాత్రి దాకా బాగానే ఉన్న అతని బండి మాత్రం కూతురి పరీక్ష రోజు కదల్లేదు. బస్సు వద్దన్నాడు. పక్కింటాయన బండికి చక్రాల్లేవన్నాడు. ఆటో దొరకదన్నాడు. ఇస్త్రీ చొక్కా జేబు ఒక్కటే నల్లగా అయింది. ఇంక ప్రశ్న. ఆ జేబులో ఏముంది?"

"పాఠంలో లేదు."

"నీకూ అదే వచ్చిందా? పిన్ని ఒప్పుకోదు. ఉన్న మాటలు పట్టుకోవాలి."

"ఏవండీ… ఇటు చూడండి. నా వైపు చూడండి. జేబులో చెయ్యి పెట్టమంటారా నన్ను?"

"వద్దులే, చెయ్యి నల్లబడుతుంది. బండి ప్లగ్గే, అది లేందే స్టార్టవదు. మీ ఇద్దరికీ ఆ హాస్టలే కావాలేమో, నేనొక్కణ్ణే వద్దంటే బాగుండదేమో అని రాత్రి ప్లగ్గు విప్పాను గానీ, నోరు విప్పలేకపోయాను."